తీపిలేని కానుకకై హకాటా దండయాత్ర

వినుడు, పని గలవారలు పని మాని, పని లేనివారలు నిద్ర మాని వినుడు. బంగాళాఖాత తరంగ ఘోషకు నిత్యము మేలుకొనునదియు, ఎండుచేపల ఘన పరిమళముచేత బస్సు దిగకముందే బాటసారికి తన ఉనికిని చాటునదియు, నెల్లూరు సీమకు తూర్పు గుమ్మమువంటిదియు నగు మైపాడు గ్రామమున, క్రీస్తు శకము రెండువేల ఇరవై దాటిన ఒకానొక సంవత్సరమున, ఈస్టరుకు ముందు మా సంఘమువారు ఉపవాస ప్రార్థనలతో గడుపు శ్రమల దినములయందు, ఆ ఊరి వీరుడొకడు జపాను దేశముమీదికి దండెత్తి యుండెను. వాని పేరు జడ్సన్. కృష్ణపట్నం రేవులో సరుకులెత్తు క్రేనులకు గ్రీజు పూసి, బోల్టులు బిగించి, మొరాయించినదానిని తిట్టి దారికి తెచ్చుట వాని ఉద్యోగము. ఆ జడ్సన్ నేనే. నా గాథ పాడుటకు వేరెవ్వరును ముందుకు రాలేదు గనుక సిగ్గు విడిచి నేనే పాడుకొనుచున్నాను.

యుద్ధమునకు కారణము చెప్పవలెను గదా. కారణము లేని యుద్ధములు చక్రవర్తులకు చెల్లును గాని నెలజీతగాండ్రకు చెల్లవు. వీరపత్ని ఫేబీ మైపాడు చర్చి స్త్రీల సమాజమునకు కార్యదర్శి. అధ్యక్షురాలు కరుణాకుమారి, మా ఆండ్రూ అన్న భార్య, అనగా ఫేబీకి తోడికోడలు. అన్న కువైటునుండి సెలవుమీద వచ్చినప్పుడు సమాజములోని స్త్రీలకందరికిని తలా ఒక సెంటు సీసా అందినది. సీసాలు నెలలోపే ఖాళీ అయినవి. కరుణాకుమారి గొప్ప మాత్రము ఇప్పటికిని ఖాళీ కాలేదు.

నేను క్రేను శిక్షణకు జపాను పోవుచున్నానని తెలిసిన ఆదివారము, ఆరాధన ముగిసిన పిమ్మట, చర్చి వసారాలో నిలిచి ఆ మహాసాధ్వి అందరు వినునట్లు ఇట్లనినది:

"మా మరిది పని నేర్చుకోను పోతా ఉండాడు. ఆయన్నేం అడుగుతాంలే పాపం. చేతులూపుకుంటా వచ్చినా మనమేం అనుకోబాకండి."

కోపమునకు బదులు చెప్పవచ్చును, ఎగతాళికి చెప్పవచ్చును, జాలికేమి చెప్పుదుము? ఫేబీ ముఖము ఎర్రబడినది. చేతనున్న బైబిలు సంచి భుజమునకు తగిలించుకొని, సమాజమంతటి యెదుట ఆమె మాట ఇచ్చినది.

"అడిగే పనేముందక్కా. తలా ఒకటి తెస్తాడు. ఒక్కరికి కూడా తక్కువ రాదు."

ఆ మాట నిలిచెనా, ఫేబీ చర్చిలో తలెత్తుకొని తిరుగును. నిలువదా, తోడికోడలి జాలిని ముసలితనముదాక మోయవలెను. ఇక మా ఇంటి అన్నములో నాకు దొరకబోవు ఉప్పుకారములు సైతము దీనిమీదనే ఆధారపడి యుండెనని వేరుగ చెప్పనక్కరలేదు.

మూడు వారముల శిక్షణ ముగిసినది. సాయంకాలము విమానము. హకాటా యను ఆ మహానగరమున విమానాశ్రయము రైలు స్టేషనుకు మిక్కిలి దగ్గర గనుక, కానుకలు కొనుటకు స్టేషనే తగిన రణభూమియని నిశ్చయించుకొని, వీరుడు తన సహచరుని వెంటబెట్టుకొని అచ్చట దిగినాడు. సహచరుడు పెంచలకృష్ణ. గూడూరు పక్కన వరి పండించు రైతుబిడ్డ, నాకన్న చిన్నవాడు, ఏ దేశములోనైనను ఆకలి వేళకు ఆకలి, నిద్ర వేళకు నిద్ర తప్పని ధన్యజీవి. సామానులమీద కూర్చుండి కాపలా కాయుట వాని వంతు.

ఏమని వర్ణింతును ఆ స్టేషనును. అసంఖ్యాక సోపాన సంకులము, అనవరత ప్రకటనారవ ముఖరితము, ఆకాశమునకు కొన్ని అంతస్తులు పాతాళమునకు కొన్ని అంతస్తులు గలిగినది, ఏ ద్వారమున ప్రవేశించినను వేరొక ద్వారమువద్దనే తేల్చునది, తూర్పునకు పోవు జనప్రవాహము పడమటికి పోవు జనప్రవాహముతో కలిసియు కలియక, తగిలియు తగలక, మౌనముగా సాగిపోవునట్టిది. అబ్బా, ఊపిరి ఆడలేదు, ఇక్కడ ఆపుదును. మా గూడూరు జంక్షనులో రెండు రైళ్ళు ఒక్కసారి వచ్చినచో జనులు ఒకరినొకరు తోసుకొని, తిట్టుకొని, చివరకు ఏ ఊరని అడిగి పరిచయస్థులగుదురు. ఇక్కడ ఒక్కడును నన్ను తోయలేదు. చెప్పరాని ఒంటరితనము కలిగినది.

అంత వీరుడు ఛాతి విరిచి, మనసులోనే ఇట్లు గర్జించినాడు: "ఓయి హకాటా నగరమా, సముద్రపు అలపై తెప్ప నడిపిన తండ్రికి పుట్టినవాడను, నలుబది టన్నుల పెట్టెను గాలిలో నిలిపిన క్రేనుకే బుద్ధి చెప్పినవాడను, నీ సోపానములకు జంకుదునా, నీ ద్వారములకు బెదరుదునా? నా ఇల్లాలి మాట నిలుపు కానుక ఎచ్చట దాచితివో చెప్పుము, లేదా నీ అంతస్తులన్నియు గాలించి పట్టుకొందును." ఇది లోపల. పైకి వచ్చినది మాత్రము వేరు.

"పెంచలా, ఎటు పోవాలిరా?"

"జనం ఎటు పోతా ఉంటే అటు పో అన్నా. కొనేవోళ్ళు కొనేకాడికే గదా పొయ్యేది."

ఆ ఉపదేశమును శిరసావహించి వీరుడు జనములో పడినాడు. పడినవాడు తేలినది ఒక మిఠాయి మహారణ్యములో. ఎటు చూచినను పెట్టెలే. పెట్టె విప్పిన లోపల మరల చిన్న చిన్న పొట్లములు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కాగితపు చొక్కా. ఊరికి పోవువారు తమ ఆఫీసులో తలా ఒకటి పంచుటకే వానినట్లు కట్టుదురట. తలా ఒకటి. ఆ మాట వినగానే వీరుని కండ్లలో నీరు తిరిగినది. జపాను దేశమంతయు మా స్త్రీల సమాజము కొరకే ఈ యేర్పాటు చేసియుంచినట్లు తోచినది.

ఒక అంగడి పిల్ల చిరునవ్వుతో ఒక కేకు ముక్కను పుల్లకు గుచ్చి రుచి చూడుమని అందించినది. ఇక్కడనే మొదటి ద్వంద్వయుద్ధము జరిగినది. మా ఇంట నోట ముద్ద పెట్టుటకు ముందు కన్నులు మూసి ప్రార్థించుట ఆచారము. ముక్క గోరంతయే గాని ప్రార్థన గోరంత కాదు. మా నాయన నేర్పిన ప్రార్థనలో రోగులు, విధవరాండ్రు, సముద్రముమీది వలవారు, పరీక్షలు రాయు పిల్లలు, దేశమునేలు అధికారులు వరుసగా వత్తురు. ఎవ్వరిని విడిచినను నాకు నిద్ర పట్టదు. వీరుడు పుల్ల పట్టుకొని, తలవంచి, అధికారులదాక వచ్చి, ఆమెన్ అని కన్నులు తెరచినాడు.

తెరచి చూచునప్పటికి ఆ పిల్ల నడుము వంచి నిలిచి యున్నది. వీరుడు తలవంచుట చూచి, మర్యాదకు మర్యాదగా వంగినదట, వీరుడు లేచువరకు లేవరాదని అట్లే యుండిపోయినదట. వెనుక వరుసలోని జనులు కిక్కురుమనక నిలిచియున్నారు. అయ్యో, ఇంతసేపు ఆడకూతురిని వంచితినే యని వీరుడు క్షమాపణగా వంగినాడు. ఆమె ఇంకను లోతుగా వంగినది. నెల్లూరు జిల్లా పరువు గంగలో కలియరాదని వీరుడు మరింత వంగినాడు. ఇట్లు పరస్పర వినయ ప్రహారములతో ఆ సంగ్రామము భీకరముగా సాగుచుండ, క్రేనుల క్రింద దూరి దూరి యరిగిన వీరుని నడుము కటుక్కుమనెను. వాడు వంగినవాడు వంగినట్లే నిలిచిపోయినాడు.

సామానులను ఈడ్చుకొనుచు, నన్ను వెదకుకొనుచు వచ్చిన పెంచలకృష్ణ ఆ దృశ్యము చూచి నిదానముగా పలికినాడు.

"అన్నా, నువ్వు ఆపితే ఆ పిల్ల ఆపతది. ముందు లెయ్యి."

"లెయ్యలేనురా. పట్టుకుంది."

వాడు చంకల క్రింద చేతులు వేసి ఎత్తినాడు. అంత ప్రార్థన చేసి, అంత వంగి, కొనకుండ పోవుటకు ముఖము చెల్లదు గదా. వీరుడు రెండు పెద్ద పెట్టెలు కొని, ఓటమిని గెలుపుగా ప్రకటించుకొని, ఒక స్తంభమునకు ఆనుకొని ఫేబీకి వీడియో కాలు చేసినాడు.

"తీసుకున్నావా?" అని ఫేబీ అడిగినది. వెనుక మా ఇంటి వంటగది గోడ కనబడుచున్నది.

"తీసుకున్నా. చూడు. తలా ఒకటి విడివిడిగా కట్టినారు. నీ కోసమే కట్టినట్టుండాది."

"ఏంది లోపల?"

"కేకులు. మధ్యలో తీపి చిక్కుడు ముద్ద పెట్టినారు. భలే ఉండాది."

తెరమీద ఫేబీ గరిటె పట్టిన చేయి గాలిలోనే ఆగినది. ఫోను నిలిచిపోయినదేమోయని వీరుడు దానిని తట్టినాడు.

"తీపా? శ్రమల దినాలయ్యా ఇవి. సమాజమంతా ఈస్టరు దాకా తీపి మానుకున్నాం. నువ్వు పోయే ముందే గదా చర్చిలో చెప్పింది. యాడున్నావు నువ్వు?"

యాడున్నాను? వెనుక బల్లమీదనే ఉన్నాను. కన్నులు మూసియున్నాను. అది ప్రార్థనయని అందరు అనుకొనిరి. మైపాడువారు ఉపవాస కాలమున చేప మానలేరు. చేప మానినచో ఊరు మొత్తము మానవలెను. కావున స్త్రీలు తీపి మానిరి. ఇంత స్పష్టమైన సంగతి వీరుని తలకెక్కలేదు.

"ఈస్టరు అయినాక పంచుకోండి" అని వీరుడు ఎదురుదెబ్బ తీయబోయినాడు.

"దాని మీద తేదీ చూడు ముందు."

చూచినాడు. ఫోనుచేత చదివించినాడు. వచ్చు వారముతో ఆ కేకుల ఆయువు తీరును. ఈస్టరు ఇంకను మూడు వారములు.

"కరుణక్క కాఫీలో చక్కెర కూడా మానేసింది" అనినది ఫేబీ. "ఇప్పుడు నేను తీపి తీసుకపోయి పెడితే, ఉపాసం చెడగొట్టను తెచ్చినానంటది. అనకపోయినా నాకు అట్టనే ఉంటది. తీపి కాకుండా ఏదన్నా చూడయ్యా. చిన్నదైనా పర్వాలేదు. పేర్లు చెప్తా, వేళ్ళ మీద లెక్క పెట్టుకో."

సమాజమువారు చాపమీద కూర్చుండు వరుసలోనే ఆమె ఒక్కొక్క పేరు చెప్పినది. కరుణాకుమారితో మొదలై, అబిగయీలు, మా మేనత్త ముసలమ్మ మీదుగా సాగి ముగియునప్పటికి ఇరువది ముగ్గురు. చేతివేళ్ళు చాలక పెంచలకృష్ణ వేళ్ళును, అవియు చాలక వాని కాలివేళ్ళు మూడును అరువు తీసుకొనవలసి వచ్చినది. ఆమె గొంతులోని బెదురు వీరునికి వినబడినది. నిజము చెప్పుచున్నాను, అప్పుడు నాకు నవ్వు రాలేదు.

"ఆ పెట్టెలు నాకీ అన్నా" అని పెంచలకృష్ణ చేయి చాచినాడు. "మాకు శ్రమలూ లేవు, ఉపాసాలూ లేవు. మా ఇంట్లో సాయంత్రానికే ఊదేస్తారు."

ఇట్లు వాడు వంగకుండనే, ప్రార్థింపకుండనే, తన కానుకల యుద్ధమును గెలిచి సామానులమీద కూర్చుండినాడు. వీరుడు రెండవ దండయాత్రకు వెడలినాడు.

పాతాళము వెదకినాడు, తీపి. పై అంతస్తు వెదకినాడు, తీపి. పక్షి ఆకారపు తీపి, ఆకు ఆకారపు తీపి, చేప ఆకారములో నున్న దానిని చూచి ఆశపడి దగ్గరకు పోగా దాని కడుపులోను తీపియే. విసనకఱ్ఱ కనబడినది, కాని ఒక్కొక్కదాని వెల చూచి వీరునికి చెమట పట్టినది, విసరుకొనుటకు అదే విసనకఱ్ఱ కావలసి వచ్చినది. జేబు రుమాళ్ళు కనబడినవి, కాని రుమాలు బహుమతిగా ఇచ్చిన ఏడుపు తెచ్చినట్లని మా మేనత్త ముసలమ్మ అలుగును. ఇట్లు తిరిగి తిరిగి, ఎడమకు పోవలసినచోట కుడికి పోయి, ఒక మెట్ల వరుస ఎక్కి చూడగా వీరుడు స్టేషనుకు అవతలి వైపున, తానెన్నడును చూడని వీధిలో తేలినాడు. వచ్చిన దారి తెలియదు. పోవలసిన దారి లేదు. విమాన సమయము తరుముకొని వచ్చుచున్నది.

"ఓ తూర్పు సముద్రమా," యని వీరుడు వీధి మధ్యను మనసులో విలపించినాడు, "అల లెక్కించు నీ బిడ్డడు ఇచ్చట మెట్లు లెక్కించి అలసినాడు. గాలిని చూచి చేపల జాడ చెప్పిన వంశము నాది. నాకొక జాడ చూపుము." అప్పుడు గాలి వీచినది. అది మామూలుగా వీచు గాలియే, నాకొరకై వచ్చినది కాదు. కాని ఆ గాలిలో ఒక వాసన యుండెను.

ఎండుచేప. సందేహము లేదు. ఉప్పు పట్టి, ఎండ పట్టి, కొంచెము మగ్గిన చిరుచేప. మైపాడు ఇసుకమీద మా అమ్మ ఆరబోసిన నెత్తళ్ళ పక్కన బోర్లపడి పాకినవాడను నేను. దారులు మరచినను, తీర్మానములు వినకున్నను, ఆ వాసన విషయములో నా ముక్కు ఇంతవరకు తప్పు చేయలేదు. నాసికాగ్రమునే బాణముగా సంధించి వీరుడు పరుగెత్తినాడు. ఒక మలుపు, ఒక సిగ్నలు, సైకిళ్ళు నిలుపు ఒక సందు. ఎఱ్ఱదీపము పడినప్పుడు ఖాళీ రోడ్డుమీదను జపానువారు ఆగిరి గనుక తానును ఆగి, ముక్కుతో మాత్రము ముందుకు సాగుచునే యుండినాడు.

ఇరుకైన చిన్న అంగడి. బుట్టలలో ఎండు చిరుచేపలు, గోడకు ఎండు నాచు. వీరునికి కన్నతల్లిని చూచినట్లయినది. అంగడి పెద్దాయన గోడనున్న ఒక అరను చూపినాడు. అందులో చిన్న చిన్న పొట్లములు, వేడి అన్నముమీద చల్లుకొను పొడి, పైని చేపగుడ్ల బొమ్మ, పక్కన ఎఱ్ఱ మిరపకాయ బొమ్మ. పెద్దాయన చిటికెడు తీసి అరచేతిలో పోసినాడు. ఈసారి వీరుడు కన్నులు మూయలేదు, కన్నులు తెరచియే ప్రార్థించినాడు, అధికారులను ఈ ఒక్కసారికి విడిచిపెట్టినాడు. నాలుకమీద పెట్టుకొన్నాడు.

ఉప్పు. చేప. ఆ వెనుక, మెల్లగా, కారము. మూడు వారములుగా చప్పిడి తిని తిని మొద్దుబారిన నాలుక లేచి కూర్చున్నది. పొట్లము వెనుక రాసిన జపాను అక్షరములలో ఎక్కడనైన చక్కెర యున్నదేమో నాకు తెలియదు. నాలుకకు తగలలేదు, మా సమాజమునకు నాలుకయే ప్రమాణము. ఫోనుచేత తేదీ చదివించినాడు. వచ్చే ఏటివరకు ఆయువున్నది. ఇరువది మూడు పొట్లములు, క్రేనుకు బోల్టులెన్నునట్లు ఎన్ని, ఒకటి ఎక్కువ గాక, ఒకటి తక్కువ గాక కొని, వీరుడు రొమ్మునకు హత్తుకొని, ఇండ్లమీదుగా కనబడు స్టేషను మేడనే గురిగా పెట్టుకొని పరుగెత్తినాడు. దారిలో ఎందరో వంగిరి, వీరుడు ఎవ్వరికిని వంగలేదు. నడుము ఒప్పుకొనలేదు.

శుక్రవారము సాయంకాలము మైపాడు చర్చిలో ఉపవాస ప్రార్థన ముగిసినది. వసారాలో చాపలు పరచినారు, ఆకులు వేసినారు, ఉపవాసము విడుచుటకు వేడి అన్నము, పప్పు వడ్డించినారు. నేను గేటువద్ద మోటారుసైకిలుకు ఆనుకొని, తాళముచెవిని ఊరకే తిప్పుచు, అటే చూచుచున్నాను. ఫేబీ వరుసలో నడుచుచు ప్రతి ఆకు పక్కన ఒక పొట్లము పెట్టుచున్నది.

కరుణాకుమారి పొట్లమును అటు తిప్పి ఇటు తిప్పినది. "తీపి లేదు గదా?"

"లేదక్కా. చేపగుడ్ల పొడి. కారంగా ఉంటది."

"జపాన్ దాకా పోయి మైపాడుకి చేప తెచ్చినాడా మా మరిది?"

వరుస వరుసంతయు నవ్వినది. ఫేబీయు నవ్వినది, కాని అది ఏ నవ్వో నాకు తెలియును. నా చేతిలో తాళముచెవి ఆగిపోయినది. కరుణాకుమారి పొట్లము చింపినది. అన్నముమీద సగము చల్లినది. కలిపినది. నోట పెట్టుకొన్నది. ఎండ్రొయ్యలు రుచి చూచియే ఏ రేవువో చెప్పు నాలుక అది. నమిలినది, మ్రింగినది. రెండవ ముద్ద కలుపబోవుచు పక్క ఆకు వైపు చూచినది. అది పంచుట ముగించి వచ్చి కూర్చున్న ఫేబీ ఆకు. అందులో తెల్లని అన్నము, పప్పు. అంతే.

"నీదేది మే?"

"ఉండాదిలే అక్కా."

"యాడుంది?"

"నేను ఇంటికాడ తిన్నాలే."

"ఉపాసం నాడు ఇంటికాడ తిన్నావా? సమాజం సెక్రటరీవి నువ్వు."

మరల నవ్వులు. ఈసారి ఫేబీ నవ్వలేదు. తల వంచుకొని ఆకు అంచును సరిచేసినది. కరుణాకుమారి వరుసనంతటిని ఒకసారి కలయజూచి, మెల్లగా పలికినది.

"అందరినీ లెక్క పెట్టి నిన్ను మర్చిపోయినావు గదా."

వడ్డించు ఆడది తన్ను లెక్కలో వేసుకొనదు. మా అమ్మ వేసుకొనలేదు, మా మేనత్త వేసుకొనలేదు. ఫోనులో ఫేబీ పేర్లు చెప్పుచున్నప్పుడు, ఆ పేర్లలో నా భార్య పేరు లేదని నాకు తట్టవలెను. హకాటాలో తట్టలేదు, విమానములో తట్టలేదు, నెల్లూరునుండి బస్సులో వచ్చునప్పుడును తట్టలేదు. ఎండుచేపను వీధి అవతలనుండి పసిగట్టిన ఈ మహావీరుడు, ఇరువది నాలుగవ మనిషిని పక్కనుండియు పసిగట్టలేకపోయినాడు. గేటువద్ద నిలిచి చాల సిగ్గుపడితిని.

కరుణాకుమారి తన పొట్లములో మిగిలిన సగమును ఫేబీ అన్నముమీద పూర్తిగా దులిపినది. అడుగున నున్నది రాలుటకై కాగితమును వ్రేలితో రెండుసార్లు కొట్టినది.

"తిను" అనినది. "బాగుండాది."

కావున నెల్లూరు తీరవాసులారా, రేవు కార్మికులారా, తోడికోడళ్ళు గల సమస్త కుటుంబములవారలారా, ఈ విజయవార్త ఆలకింపుడు. బహు సోపాన లంఘనమును, ఘోర వినయ సంగ్రామమును, కటి భంగమును సహించి, ఒకటి తక్కువ తెచ్చిన వీరుని దండయాత్ర ఫలించినది. ఒక పొట్లము కారప్పొడి రెండు ఆకులకు చాలినది. ఫేబీ తల ఎత్తి, కారమునకు కారిన ముక్కును చీర కొంగుతో తుడుచుకొనుచు, తోడికోడలి పక్కన కూర్చుండి, రెండవ ముద్ద కలుపుకొనుచున్నది. జయము.